శిలాజం ఎలా పుడుతుంది: మూడు నుంచి ఐదో తరగతి వరకు బోధించే ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

శిలాజాల పాఠం అనగానే చాలా తరగతి గదుల్లో ఒకటే పని జరుగుతుంది. బంకమట్టి ముద్దలో గవ్వను నొక్కి, ఆ గుంటలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, ఆరిన తరువాత ఊడి వచ్చిన తెల్లటి గవ్వను పిల్లల చేతికి ఇస్తారు. పిల్లలకు అది ఎంతో ఇష్టమైన పనే. అయితే మరునాడు "శిలాజం ఎలా ఏర్పడుతుంది?" అని అడిగితే "మట్టిలో నొక్కితే వస్తుంది" అనే జవాబు వస్తుంది. ఒక జీవి చనిపోవడం, కుళ్ళి పూర్తిగా మాయం కాకముందే పూడిపోవడం, దాని మీద పొర మీద పొర పేరుకోవడం, ఆ పొరలు రాయిగా మారడం, నేలలోని నీటితో వచ్చిన ఖనిజాలు ఎముక సందుల్లోకి చేరడం, లక్షల, కోట్ల ఏళ్ళ తరువాత ఆ రాయి పైకి లేచి, వానకూ ఏటికీ కోసుకుపోయి వెలుగు చూడడం, ఇవన్నీ వరుసగా జరిగితేనే శిలాజం మన కంట పడుతుంది. బడిలో చేయగల ఏ ఒక్క ప్రయోగమూ ఇంత కథను చూపలేదు. అందుచేత ఇక్కడ ఒక్కొక్క దశకు ఒక్కొక్క పనిని సూచిస్తూ, ప్రతి పని చివర "దీనిలో అసలు శిలాజానికి సరిపోనిది ఏమిటి?" అని పిల్లలను అడగమని కోరుతున్నాను. ఈ పాఠంలో ఒక్కటే మిగుల్చుకోమంటే నేను ఆ ప్రశ్ననే మిగుల్చుకుంటాను.

మొత్తం పాఠానికి ఏడెనిమిది పీరియడ్లు పడతాయి. వాటిని రెండు మూడు వారాల మీద పరుచుకోవడం మంచిది, ఎందుకంటే మధ్యలో ఆరవలసినవి, నానవలసినవి, కుళ్ళవలసినవి ఉన్నాయి. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చునే బడుల్లో కూడా ఈ పనులన్నీ సాగుతాయి. పెద్ద పిల్లలు కొలతలు రాసుకోవచ్చు, చిన్న పిల్లలు బొమ్మలు గీయవచ్చు.

పాఠానికి ముందు ఉపాధ్యాయుల కోసం

ప్రాచీన జీవుల అవశేషాలనూ, అవి వదిలిన జాడలనూ శిలాజాలంటారు. సాధారణంగా పదివేల ఏళ్ళకు పైబడిన వాటికే ఈ పేరు వాడడం ఆనవాయితీ. ఇందులో ఎముక, పన్ను, గుల్ల, కొయ్య వంటి శరీర భాగాలున్నాయి. అడుగుజాడలు, బొరియలు, పెంటికలు వంటి జాడలూ ఉన్నాయి. రాయిగా మారి తీరాలన్న నియమం లేదు. సైబీరియా మంచునేలలో చర్మంతో, వెంట్రుకలతో దొరికిన మామత్ ఏనుగులూ, చెట్టు బంకలో చిక్కుకుని ఆ బంక గట్టిపడిన తరువాత అందులో నిలిచిపోయిన పురుగులూ శిలాజాలే.

పిల్లలకు చెప్పడానికి ఒక అసలు కథ చేతిలో ఉండాలి. తెలుగు పిల్లలకు అది ఎక్కడి నుంచో తెచ్చుకోనవసరం లేదు. ప్రాణహిత, గోదావరి నదుల లోయలో కోటా శిలాశ్రేణి అనే రాతి పొరలున్నాయి. ఉజ్జాయింపుగా 18 కోట్ల ఏళ్ళ కిందటి జురాసిక్ కాలపు నదులూ చెరువులూ పరిచిన ఇసుక, మట్టి, సున్నం అవి. ఆ పొరల్లోనే యామనపల్లి అనే ఊరి దగ్గర భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వారు ఒక పెద్ద శాకాహార రాక్షసబల్లి ఎముకలను తవ్వి తీశారు. దానికి శిలాశ్రేణి పేరునూ ఊరి పేరునూ కలిపి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త నామకరణం చేశారు. ఆ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. ఇదే లోయలో, మహారాష్ట్ర వైపు సిరొంచ దగ్గరి పోచంపల్లిలో బారాపాసారస్ అనే మరొక పెద్ద రాక్షసబల్లి దొరికింది. చీరలకు పేరుబడ్డ పోచంపల్లి వేరు, ఇది వేరు. కలకత్తాలోని భారత గణాంక సంస్థ శాస్త్రవేత్తలు ఆ తవ్వకం జరిపి, 1975లో దానికి రవీంద్రనాథ్ ఠాగూరు పేరు మీద బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. కనీసం ఆరు జంతువులకు చెందిన, మూడు వందల దాకా ఎముకలు, పెద్ద పెద్ద చెట్ల మొద్దులతో కలగాపులగంగా అక్కడ పడి ఉన్నాయి. పెద్ద వరదలో ఒక మంద కొట్టుకువచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల ఊహ. రెండు జంతువులకూ పళ్ళు దొరికాయి కాని పూర్తి పుర్రె దొరకలేదు. ఈ చివరి విషయాన్ని జాగ్రత్తగా గుర్తు పెట్టుకోండి, తరువాత పనికి వస్తుంది.

మొదటి దశ: ఏది పోతుంది, ఏది మిగులుతుంది

ఈ పనిని మిగతా పాఠం కన్నా ఒక నెల ముందే మొదలుపెట్టాలి. ఒక పాత కుండలో గానీ తొట్టిలో గానీ తోట మట్టి నింపి, అందులో అరటి తొక్క, పచ్చి ఆకు, ఉడికించి శుభ్రం చేసిన కోడి ఎముక, నత్తగుల్ల, చిన్న పుల్ల పాతించండి. ఏది ఎక్కడ పెట్టారో గుర్తుగా ఐస్‌క్రీం పుల్లలు గుచ్చించండి. మట్టి తడి ఆరకుండా రెండు మూడు రోజులకొకసారి నీళ్ళు చల్లించండి. తవ్వే ముందు ప్రతి పిల్లవాడూ తన ఊహను పుస్తకంలో రాసుకోవాలి. ఊహ రాయకుండా తవ్వితే అది వేడుకగానే మిగిలిపోతుంది.

నెల తరువాత తవ్వితే తొక్క దాదాపు ఆనవాలు లేకుండా పోయి ఉంటుంది, ఆకు ఈనెలు తేలి చివికి ఉంటుంది, ఎముకా గుల్లా ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. మట్టిలోని సూక్ష్మజీవులు మెత్తని భాగాలను తినేశాయనీ, గట్టి భాగాలను అంత తొందరగా తినలేకపోయాయనీ పిల్లలే చెప్పగలుగుతారు. తవ్వేటప్పుడు చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడిగించి, తరువాత సబ్బుతో కడిగించండి.

ఎముక ఎందుకు గట్టిది అన్న ప్రశ్న ఇక్కడ తప్పకుండా వస్తుంది. దానికి చిన్న ప్రయోగం ఉంది. శుభ్రం చేసిన సన్నని కోడి ఎముకను ఒక సీసాలో వేసి, మునిగేలా వెనిగర్ పోసి మూత పెట్టండి. రెండు మూడు రోజులకొకసారి వెనిగర్ మార్చుతూ ఒక వారం ఉంచితే ఎముక రబ్బరులా వంగుతుంది. ఎముకలోని కాల్షియం ఖనిజం వెనిగర్‌లో కరిగిపోయి, మెత్తని మాంసకృత్తు భాగం మాత్రం మిగిలింది. అంటే బతికి ఉన్నప్పుడే ఎముకలో సగానికి పైగా ఖనిజం ఉంటుందనీ, శిలాజం కావడానికి దానికి ముందే కొంత సానుకూలత ఉందనీ అర్థం. పులుపు నేలల్లో ఎముకలు ఎందుకు నిలవవో కూడా ఇదే చెబుతుంది.

సరిపోనిది ఏమిటి: నెలలో పోనిది వెయ్యేళ్ళలో పోవచ్చు. పైమట్టిలో వదిలేస్తే కోడి ఎముక కూడా చివరకు పొడి అయిపోతుంది. ఈ మాట చెప్పకపోతే గట్టిదైతే చాలు శిలాజం అవుతుందని పిల్లలు అనుకుంటారు.

రెండో దశ: పూడిక

శిలాజం కథలో అతి ముఖ్యమైన పాత్ర నీటిది, అది మోసుకొచ్చే ఒండ్రుది. దీనికి ఒక పొడవాటి గాజు సీసా, గులకరాళ్ళు, ఇసుక, మెత్తని చెరువు మట్టి చాలు. మూడింటినీ సమానంగా వేసి, మూడు వంతులు నీళ్ళు పోసి, మూత బిగించి బాగా కుదిపి బల్ల మీద పెట్టండి. గులకలు వెంటనే అడుగుకు చేరతాయి, ఇసుక క్షణాల్లో దిగుతుంది, మెత్తని మట్టి మాత్రం గంటల తరబడి నీటిలో తేలుతూ మరునాటికి పై పొరగా కూర్చుంటుంది. గోదావరి, కృష్ణా ఒడ్డు ఊళ్ళ పిల్లలు వరద తీసిన తరువాత ఇళ్ళలో, పొలాల్లో మిగిలే బురదను చూసి ఉంటారు. ఆ బురద ఎంత మెత్తగా ఉంటుందో వారి చేతనే చెప్పించండి.

తరువాత అసలు పని. వెడల్పాటి పారదర్శక డబ్బాలో వేలెడు ఇసుక పరిచి, దాని మీద నత్తగుల్లనూ ఆకునూ పెట్టండి. ఒక చెంబులో మట్టి కలిపిన నీటిని నెమ్మదిగా పోసి ఒక రోజు వదిలేయండి. మరునాడు రంగు తేడా ఉన్న మట్టిని, అంటే ఎర్రమట్టిని గానీ నల్లరేగడిని గానీ కలిపి మళ్ళీ పోయండి. ఇలా నాలుగైదు రోజులు చేస్తే డబ్బా పక్క నుంచి పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇప్పుడు అడగవలసిన ప్రశ్నలు రెండు. ఏ పొర ముందు వచ్చింది? గుల్ల మొదటి పొరకు దగ్గరదా, చివరి పొరకు దగ్గరదా? కింది పొర ముందుదనీ, పై పొర తరువాతిదనీ ఎనిమిదేళ్ళ పిల్లవాడు తడుముకోకుండా చెబుతాడు. పదిహేడో శతాబ్దంలో నికోలస్ స్టెనో అనే డెన్మార్కు శాస్త్రవేత్త ఇదే సూత్రాన్ని రాతి పొరలకు వర్తింపజేశాడు. భూగర్భ శాస్త్రమంతా నేటికీ దాని మీద నిలబడి ఉంది.

పూడిక ఎందుకు తొందరగా జరగాలో ఇక్కడ విడమరచాలి. ఎండలో పడి ఉన్న కళేబరాన్ని గద్దలు, నక్కలు, పురుగులు, ఎండ, వాన కలిసి చెదరగొడతాయి. బురద కింద గాలి తక్కువ గనుక కుళ్ళు నెమ్మదిస్తుంది, పీక్కుతినే జంతువులకు అందదు. అందుకే నదీముఖాలలో, చెరువు అడుగున, సముద్రం అడుగున బతికిన జీవుల శిలాజాలు ఎక్కువ. కొండల మీద, దట్టమైన అడవుల్లో బతికిన వాటివి చాలా తక్కువ.

ఇప్పుడు పుర్రె సంగతి. పెద్ద శాకాహార రాక్షసబల్లికి కాలి ఎముక లావుగా, బరువుగా ఉంటుంది. పుర్రె మాత్రం శరీరంతో పోలిస్తే చాలా చిన్నది, పలుచని ఎముకలతో వదులుగా అతికినది. వరద వస్తే ఏది అక్కడే కూరుకుపోతుంది, ఏది కొట్టుకుపోయి ముక్కలవుతుంది అని అడగండి. యామనపల్లిలోనూ పోచంపల్లిలోనూ పుర్రె ఎందుకు దొరకలేదో పిల్లలే కారణాలు వెతుకుతారు. ఒక ఎండాకాలపు వాగులో ఇటుక ముక్కనూ, ఎండు సొరకాయ బుర్రనూ వదిలి చూపగలిగితే ఇంకా మంచిది.

మూడో దశ: మట్టి రాయి కావడం

ఈ దశను బడిలో నిజంగా చూపడం సాధ్యం కాదు, అందుచేత క్లుప్తంగా ముగించండి. రెండు కాగితపు కప్పులు తీసుకుని, ఒకదానిలో పొడి ఇసుకను గట్టిగా అదమండి, మరొకదానిలో ఇసుకకు నీళ్ళు కలిపిన తెల్ల జిగురు పట్టించి అదమండి. రెండు రోజులు ఎండనిచ్చి కప్పు చింపితే మొదటిది కూలిపోతుంది, రెండోది గడ్డలా నిలుస్తుంది. పై పొరల బరువు రేణువులను దగ్గరికి నొక్కుతుంది, నీటిలో కరిగి వచ్చిన సున్నం, సిలికా, ఇనుము వంటివి వాటిని అతుకుతాయి. ఇసుకరాయి, సున్నపురాయి, మెత్తని మట్టి గట్టిపడిన షేల్ రాయి ఇలా ఏర్పడినవే. గ్రానైట్ కరిగిన శిల గడ్డకట్టినది గనుక అందులో శిలాజాలు వెతకడం వృథా అని కూడా చెప్పండి. తెలంగాణలో పెద్ద భాగం గ్రానైట్ నేలే. బడి వెనక గుట్టలో రాక్షసబల్లి దొరుకుతుందా అని అడిగే పిల్లలకు ఈ జవాబు అవసరమవుతుంది.

నాలుగో దశ: ఎముక సందుల్లోకి ఖనిజం

అన్ని దశల్లోనూ పిల్లలకు అంతుపట్టనిది ఇదే, కాబట్టి ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. "ఎముక రాయిగా మారింది" అన్న వాక్యం వింటే పిల్లల మనసులో ఏదో మంత్రం వేసినట్టు ఒక వస్తువు మరొకటైపోయిన చిత్రం మెదులుతుంది. అసలు జరిగేది వేరు. ఎముకలో రక్తనాళాల కోసం, కణాల కోసం కంటికి కనిపించని సన్నని దారులూ ఖాళీలూ ఉంటాయి. పూడిన ఎముక చుట్టూ నేలలోని నీరు ఊరుతూ ఉంటుంది. ఆ నీటిలో కరిగి ఉన్న సిలికా, కాల్సైట్ వంటి ఖనిజాలు ఆ ఖాళీల్లో పేరుకుని గట్టిపడతాయి. మామిడి ముక్కను ఉప్పులో ఊరవేస్తే ఉప్పు ముక్క లోపలి దాకా ఎక్కుతుంది, ముక్క ఆకారం మాత్రం ముక్కదే. పిల్లలకు ఈ పోలిక వెంటనే అందుతుంది. కొన్నిచోట్ల అసలు ఎముక పదార్థం కూడా కొద్దికొద్దిగా కరిగిపోయి దాని స్థానంలోకి ఖనిజమే వస్తుంది. కొయ్య విషయంలోనూ ఇదే జరుగుతుంది. తమిళనాడులోని తిరువక్కరైలో రాతిగా మారిన చెట్ల మొద్దులు ఇప్పటికీ నేల మీద పడి ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో చెట్టు నార కూడా కనిపిస్తుంది.

ప్రయోగానికి గిన్నెలు తోమే కొత్త స్పాంజి కావాలి. దానిని ఎముక ఆకారంలో కత్తిరించండి. రెండు గ్లాసుల గోరువెచ్చని నీటిలో ఉప్పును ఇక కరగదన్నంత వరకు కలపండి. వంద మిల్లీలీటర్ల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది కాబట్టి తూకం వేసి చూపితే పెద్ద పిల్లలకు గణితం కూడా కలిసి వస్తుంది. స్పాంజిని పళ్ళెంలో పెట్టి, ముందు బరువు తూచి రాసుకుని, ఉప్పునీరు పోసి ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచండి. ఆరిన ప్రతిసారీ మళ్ళీ ఉప్పునీరు పోయాలి. వారం తిరిగేసరికి స్పాంజి గట్టిపడి, బరువెక్కి, తడితే చిన్నగా చప్పుడు చేస్తుంది. మళ్ళీ తూచండి. పెరిగిన బరువంతా ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు పిల్లలు "ఉప్పు నుంచి" అని చెప్పగలిగితే ఈ దశ అందినట్టే. రంగు తేడా చూపడానికి ఉప్పునీటిలో చిటికెడు పసుపు కలిపితే లోపలి దాకా ఎక్కిన సంగతి కోసి చూపవచ్చు.

సరిపోనిది ఏమిటి: గట్టిపడిన స్పాంజి ముక్కను మళ్ళీ మంచినీటిలో వేయించండి. కొద్దిసేపటికే ఉప్పు కరిగి స్పాంజి మెత్తబడుతుంది. శిలాజంలోని ఖనిజాలు ఇలా ఇట్టే కరగవు. మరొకటి, ఇక్కడ నీరు ఆవిరి కావడం వల్ల ఉప్పు మిగిలింది. నేల లోతున నీరు ఆవిరి కాదు, చాలా నెమ్మదిగా ఖనిజాన్ని వదులుతూ పోతుంది. వారం అన్నది అక్కడ వేలు, లక్షల ఏళ్ళు.

ఐదో దశ: అచ్చు, పోత

ఇప్పుడు ప్లాస్టర్ పని. మొదటి రోజే దీన్ని చేయించకపోవడానికి కారణం మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. బురదలో పూడిన గుల్ల కొన్నిసార్లు నేలలోని నీటికి పూర్తిగా కరిగిపోతుంది, కాని అప్పటికే చుట్టూ మట్టి రాయి అయి ఉంటే గుల్ల ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ అచ్చు. తరువాత ఖనిజమో మెత్తని మట్టో ఆ ఖాళీని నింపి గట్టిపడితే వచ్చేది పోత. గుల్ల పదార్థం ఒక్క రవ్వ కూడా అందులో ఉండదు. అయినా గీతలతో సహా ఆకారం మిగులుతుంది.

బంకమట్టిని పూరీ మందంలో కాకుండా రెండు వేళ్ళ మందంలో పరిచి, గుల్లకు కొబ్బరినూనె రాసి నొక్కి తీయాలి. చుట్టూ అట్ట గోడ కట్టాలి. రెండు పాళ్ళ ప్లాస్టర్ పొడిని ఒక పాలు నీటిలోకి నెమ్మదిగా వదిలి కలిపి, పెరుగంత చిక్కగా ఉండగానే పోయాలి. అరగంటలో గట్టిపడుతుంది, కాని పూర్తిగా ఆరడానికి ఒక రోజు వదిలేయడం మేలు. పొడి కలిపే పని ఉపాధ్యాయులే చేయాలి. పొడి ముక్కులోకి పోకుండా చూడాలి, తడి ప్లాస్టర్‌లో పిల్లలు చేతులు ముంచకుండా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే గట్టిపడేటప్పుడు అది కాలేంత వేడెక్కుతుంది. మిగిలిన ప్లాస్టర్‌ను కాగితంలోనే గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి. కాలువలో పోస్తే పైపు పూడిపోతుంది.

ఇక్కడ పిల్లలను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపు అచ్చులనూ మరొక గుంపు పోతలనూ కలగలిపి పెట్టి, ఏ పోత ఏ అచ్చుదో కనిపెట్టమనండి. అచ్చులో పైకి ఉన్నది పోతలో లోపలికి ఉంటుందన్న సంగతి వారికి చెప్పకండి. వారే కనిపెట్టనివ్వండి.

ఆరో దశ: ఆకులూ అడుగులూ

ఎముకలేని వాటి శిలాజాలు కూడా ఉంటాయని చూపకపోతే పిల్లలకు శిలాజమంటే రాక్షసబల్లి ఒక్కటే అయిపోతుంది. సింగరేణి బొగ్గు పొరలు ఇందుకు మంచి ఉదాహరణ. 25 నుంచి 30 కోట్ల ఏళ్ళ కిందటి చిత్తడి అడవులు పూడి, గాలి అందక, బరువుకూ వేడికీ బొగ్గుగా మారాయి. ఆ బొగ్గుతో పాటు ఉండే షేల్ రాతిలో గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు దొరుకుతాయి. నాలుక ఆకారంలో పొడుగ్గా, నడిమి ఈనె స్పష్టంగా ఉండే ఆకులవి. ఆకులోని మిగతావన్నీ పోయి నల్లటి పలుచని కర్బన పొర మాత్రం రాతి మీద మిగిలింది. ఇదే ఆకు శిలాజాలు ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల్లో కూడా దొరికాయని చెప్పి ప్రపంచ పటం చూపితే, ఆ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవన్న ఊహ ఐదో తరగతి పిల్లలకు అందుతుంది. రావి ఆకును బంకమట్టిలో నొక్కి తీసి, ఆ ముద్రలో బొగ్గు పొడి రుద్దితే నమూనా సిద్ధం.

అడుగుజాడల కోసం బడి ఆవరణలో ఒక మడి తడిపి, ఒక పిల్లవాడిని నడవమనీ, మరొకరిని పరుగెత్తమనీ, మిగతావారిని కళ్ళు మూసుకోమనీ చెప్పండి. ఎవరు పరుగెత్తారో జాడల మధ్య దూరం చూసి చెప్పాలి. చచ్చిన జీవి ఎముకలు దాని రూపాన్ని చెబితే, జాడలు అది బతికి ఉన్నప్పుడు చేసిన పనిని చెబుతాయి. పెంటికల శిలాజాల సంగతి కూడా చెప్పండి. నవ్వులు ఆగడానికి కొంత సమయం పడుతుంది, కాని ఆ జంతువు ఏం తిన్నదో చెప్పే సాక్ష్యం అదేనన్న మాట మాత్రం ఎవరూ మరచిపోరు.

ఏడో దశ: ఎంత అరుదు

ఈ ఆటకు చీటీలు చాలు. ప్రతి పిల్లవాడూ ఒక చనిపోయిన జంతువు. వరుసగా ఒక్కొక్క చీటీ తీయాలి. "నక్కలు తినేశాయి", "ఎండకు పొడి అయింది", "వరదలో నలిగిపోయింది", "పుల్లటి నేలలో కరిగిపోయింది" అన్న చీటీలు ఎక్కువగా, "వెంటనే బురద కప్పింది" అన్నవి తక్కువగా ఉండాలి. మిగిలినవారు రెండో చుట్టులో "రాయి లోతులో వేడికి మారిపోయింది", "కొండ కోతలో అరిగిపోయింది", "ఇంకా నేల లోతునే ఉంది, ఎవరికీ కనిపించలేదు" అన్న చీటీలు తీస్తారు. ముప్ఫై మంది తరగతిలో ఒకరో ఇద్దరో మిగులుతారు, ఒక్కోసారి ఎవరూ మిగలరు. ఎవరూ మిగలకపోతే ఆటను సరిచేయకండి. భూమి మీద బతికిన జీవుల్లో అత్యధికానికి జరిగింది అదే.

ఎనిమిదో దశ: కాలం

కోటి అన్న సంఖ్య పిల్లలకు నోటికి వస్తుంది కాని మనసుకు రాదు. ఆట స్థలంలో 46 మీటర్ల తాడు పరచండి. ఒక సెంటీమీటరు అంటే పది లక్షల ఏళ్ళు. తాడు మొదలు ఈ రోజు, చివర భూమి పుట్టిన నాడు, అంటే ఇంచుమించు 460 కోట్ల ఏళ్ళ కిందట. ఈ రోజు నుంచి కొలుస్తూ గుర్తులు కట్టించండి. రాక్షసబల్లులు అంతరించినది 66 సెంటీమీటర్ల దగ్గర. కోటాసారస్ బతికినది సుమారు మీటరు 80 సెంటీమీటర్ల దగ్గర. సింగరేణి అడవులు రెండున్నర నుంచి మూడు మీటర్ల మధ్య. కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు డోలమైట్ అనే, సున్నపురాయిని పోలిన రాళ్ళలో సూక్ష్మజీవుల చాపలు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. వాటి గుర్తు 19 మీటర్ల దాపున పడుతుంది. మనిషి జాతి, అంటే మూడు లక్షల ఏళ్ళు, మూడు మిల్లీమీటర్లు. రెండు వేల ఏళ్ళు దాటిన అమరావతి స్తూపానికి ఈ తాడు మీద వెంట్రుక మందం కూడా రాదు.

మనుషులు రాక్షసబల్లులను వేటాడారని సినిమాలు చూసిన పిల్లలు గట్టిగా నమ్ముతారు. వాదించనవసరం లేదు. 66 సెంటీమీటర్లకూ మూడు మిల్లీమీటర్లకూ మధ్య ఉన్న ఖాళీ తాడు మీద వేలు పెట్టించండి.

పిల్లలు అడిగేవి, తెచ్చేవి

పాఠం మొదలైన నాటి నుంచి పిల్లలు జేబుల నిండా రాళ్ళు తెస్తారు. వాటిలో చాలావరకు శిలాజాలు కావు. నేలకు పరిచే సున్నపురాతి బండల పొరల మధ్య కొన్నిసార్లు చక్కని ఫెర్న్ మొక్కలా నల్లటి కొమ్మల బొమ్మలు కనిపిస్తాయి. అవి మాంగనీసు ఖనిజం సందుల్లో పాకిన గీతలు, మొక్కలు కావు. ఆకుకు ఉండవలసిన నడిమి ఈనె, అంచు వాటికి ఉన్నాయేమో భూతద్దంతో చూడమనండి. శిలాజం కాదని తేలినా ఆ రాయిని తోసిపుచ్చక, ఎందుకు కాదో పక్కన రాసి బల్ల మీద పెట్టించండి.

సాలగ్రామాల ప్రస్తావన తెలుగు పిల్లల తరగతిలో తప్పకుండా వస్తుంది. నేపాల్‌లోని కాళీ గండకీ లోయలో దొరికే సాలగ్రామాలలో చాలావాటి చక్రం గుర్తు అమ్మోనైట్ అనే ప్రాచీన సముద్ర జీవి గుల్లది. అంటే హిమాలయాల రాళ్ళలో కొన్ని ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవి. ఈ సంగతిని పూజలో ఉన్న వస్తువు పట్ల గౌరవం తగ్గకుండా చెప్పవచ్చు. ఇంటి నుంచి తెమ్మని మాత్రం అడగకండి, బొమ్మ చూపితే సరిపోతుంది. రాజమండ్రి దగ్గర లావా పొరలతో పాటు ఉన్న సున్నపురాతిలో కూడా సముద్రపు నత్తగుల్లల శిలాజాలున్నాయి.

శిలాజాలన్నీ కోట్ల ఏళ్ళవా అన్న ప్రశ్నకు బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను చెప్పండి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ తవ్వించినప్పుడు ఎన్నో జంతువుల ఎముకలు దొరికాయి. వాటిలో ఖడ్గమృగం కూడా ఉంది. అవి రాక్షసబల్లుల తరువాత ఎంతో కాలానికి, మంచుయుగపు రోజుల్లో బతికినవి. కర్నూలు నేల మీద ఖడ్గమృగం తిరిగిందన్న మాటకు పిల్లల కళ్ళు రాక్షసబల్లి మాటకన్నా ఎక్కువగా విప్పారడం సహజం.

శిలాజాలున్న చోటికి పిల్లలను తీసుకువెళ్ళే అవకాశం దొరికితే, అక్కడి రాయిని ఊడదీయకుండా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఏ పొరలో ఉందో రాసుకోవడమే నేర్పండి. పొర నుంచి విడిపోయిన శిలాజం తన వయసును చెప్పలేదు.

అర్థమైందో లేదో చూడడం

నిర్వచనం అప్పజెప్పించుకోవడం దండగ. ఆరు బొమ్మలు గీసిన అట్టముక్కలు ఇవ్వండి: జంతువు నీటి పక్కన నిలబడి ఉన్నది, చనిపోయి ఒడ్డున పడినది, బురద కప్పినది, పొరలు పేరుకున్నవి, ఎముకలో ఖనిజం నిండినది, కొండ కోతలో ఎముక బయటపడినది. వరుసలో పెట్టడం చాలామందికి సులువే. తరువాత ఒక అట్టముక్కను మీరే తీసేసి, "ఇది జరగకపోతే ఏమయ్యేది?" అని అడగండి. బురద బొమ్మ తీసేస్తే జంతువు కుళ్ళిపోయేదనీ, కోత బొమ్మ తీసేస్తే శిలాజం ఉన్నా మనకు తెలిసేది కాదనీ చెప్పిన పిల్లవాడికి పాఠం అందింది. ఖనిజం బొమ్మ తీసేస్తే జవాబు ఒక్కటే ఉండదు. ఎముక కరిగిపోవచ్చు, అచ్చు మిగలవచ్చు, బిల్లసర్గం గుహల్లో మాదిరిగా ఎముక ఎముకగానే నిలవవచ్చు. ఈ మూడింటిలో ఏది చెప్పినా, కారణం చెప్పగలిగితే పూర్తి మార్కులు ఇవ్వండి. చివరగా వారి స్పాంజినీ, ప్లాస్టర్ గవ్వనూ పక్కపక్కన పెట్టి, ఈ రెండింటిలో అసలు వస్తువు లోపల ఇంకా ఉన్నది దేనిలో అని అడగండి.